మాటలతో రోగం తగ్గుతుందా? మా అమ్మ కౌన్సెలింగ్ విషయంలో ఒక సందేహం

ప్రశ్న: నల్లగొండ టీచర్

అందరికీ నమస్కారం. మా అమ్మ వయసు 58 ఏళ్లు. పుట్టిల్లు మర్రిగూడ వైపు, అత్తగారిల్లు దేవరకొండ దగ్గరి పల్లె. రెండేళ్ల కిందట మా నాన్న గుండెపోటుతో పోయారు. ఏడాది మాసికం అయ్యేదాకా అమ్మ ఊళ్లోనే ఉంది. ఆ తర్వాత ఒక్కతే ఉండటం మంచిది కాదని అక్కా నేనూ మాట్లాడుకుని, చేను కౌలుకిచ్చి, రెండు బర్రెలనూ అమ్మేసి, ఆమెను నల్లగొండలోని మా అద్దె ఇంటికి తీసుకొచ్చాం. బర్రెలను అమ్ముదామన్నప్పుడు అడ్డు చెబుతుందేమోనని భయపడ్డాం గానీ, ఆమె ఒక్క మాట కూడా అనలేదు.

ఇక్కడ అమ్మకు ఏ కష్టమూ లేదు. ఇంటిపని అంతా నా భార్య చూసుకుంటుంది, అన్నం పళ్లెంలో పెట్టి చేతికి అందిస్తాం, మంచినీళ్లు కూడా లేచి తెచ్చుకోనివ్వం. అయినా ఎనిమిది నెలలుగా ఆమెకు నిద్ర లేదు. రాత్రి రెండింటికి లేచి మంచం మీద కూర్చుంటుంది. గుండెలో దడ అంటుంది, మెడ, నడుము పట్టేశాయంటుంది, రెండు ముద్దలు తిని చాలంటుంది. ఈసీజీ, ఎకో, రక్త పరీక్షలు, థైరాయిడ్ అన్నీ చేయించాం, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. చివరికి డాక్టరు గారే ఒక సైకాలజిస్టు దగ్గరికి పంపించారు.

ఇప్పటికి నాలుగు సార్లు వెళ్లాం. ఆ మేడమ్ ముప్పావు గంట అమ్మతో మాట్లాడతారు, ఎక్కువగా వింటారు. మాత్రలు రాయలేదు, ఇలా చేయండి అని ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. ఒక కాగితం మాత్రం ఇచ్చి, రోజులో ఏ గంటకు ఏం చేసిందో రాసి, ఆ పని ఎంత ఊరటనిచ్చిందో పదికి మార్కులు వేయమన్నారు. అమ్మకు చదువు రాదు కాబట్టి ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి అడిగి రాస్తోంది. మా మేనమామ వచ్చి, "మాటలతోటి రోగం పోతదా? చెర్వుగట్టుకు తోల్కపోండ్రి, మూడు నిద్రలు చేపియ్యుండ్రి" అని కోపగించుకున్నాడు. చెర్వుగట్టు అంటే మా జిల్లాలోని శివుడి గుడి, బాధలు తీరాలని అక్కడ రాత్రి నిద్ర చేస్తారు. అమ్మను అడిగితే "నాకు రోగమేం లేదు కొడుకా, రంది పట్టుకున్నది, అంతే" అంటోంది.

నేను తెలుసుకోవాలనుకుంటున్నవి ఇవి. మాట్లాడినంత మాత్రాన శరీరంలోని బాధ ఎలా తగ్గుతుంది? అన్నీ చదువుకున్న మనిషి సలహా ఎందుకు ఇవ్వరు? చెరువుగట్టుకు తీసుకెళ్తే ఈ చికిత్సకు చెడుపు జరుగుతుందా?

జవాబు: పాలమూరు సైకాలజిస్టు

నమస్కారం. నేను మహబూబ్‌నగర్‌లో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. మీ అమ్మగారిని చూస్తున్నది నేను కాదు కాబట్టి ఆమెకు ఫలానా జబ్బు అని ఇక్కడ రాయను. మీ ప్రశ్నలు మాత్రం నా గదిలోకి వచ్చే ప్రతి కుటుంబమూ అడిగేవే.

మీ అమ్మగారు సరైన మాటే చెప్పారు. కుంగుబాటు అనే మాటను మా పల్లెల నుండి వచ్చినవారి నోట నేను విన్నది చాలా తక్కువ. వాళ్లు రంది అంటారు, మనాది అంటారు, బుగులు అంటారు, అంతకంటే ముందు నడుము నొప్పి అనో, తల బరువు అనో, కాళ్లు గుంజుతున్నాయనో అంటారు. వాళ్లు నటించడం లేదు. మనసు ఎప్పుడూ ప్రమాదాన్ని ఎదురుచూస్తున్నట్టు ఉంటే శరీరంలో అడ్రినలిన్ పెరిగి గుండె వేగంగా కొట్టుకుంటుంది, మెడ భుజాల కండరాలు బిగుసుకుంటాయి, నిద్ర తేలికైపోతుంది, ఆకలి చస్తుంది. జింబాబ్వేలో షోనా భాష మాట్లాడేవారు ఇలాంటి బాధనే కుఫుంగిసిసా అంటారు, అతిగా ఆలోచించడం అని దానికి అర్థం. అక్కడ డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు ఆ మాటనే పట్టుకుని, అవ్వలకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల ఆవరణలో బల్లల మీద కూర్చోబెట్టి బాధలో ఉన్నవారితో మాట్లాడించారు. 2016లో వెలువడిన పరీక్షా ఫలితాల్లో, మామూలు వైద్యం మాత్రమే పొందినవారికంటే ఆ బల్లల దగ్గరికి వెళ్లినవారికి ఆరు నెలల తర్వాత లక్షణాలు బాగా తగ్గాయని తేలింది. మన దేశంలోనే గోవాలో విక్రమ్ పటేల్ బృందం, మనస్తత్వశాస్త్ర పట్టాలు లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, ఆరు నుండి ఎనిమిది వారాల మాటల చికిత్సను తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారికి అందించి చూసింది. అదీ ఫలించింది.

అయితే ఆ గోవా చికిత్సలో జరిగింది ఓదార్పు ఒక్కటే కాదు. మీ అమ్మగారికి ఇచ్చిన కాగితం లాంటిదే దానికీ ఆధారం. రంది పట్టుకున్న మనిషి ముందు ఒక పని మానేస్తాడు, పని మానేసినందువల్ల ఆ పనిలో దొరికే చిన్న ఊరట పోతుంది, ఊరట లేక ఇంకో పని మానేస్తాడు. ఇలా బతుకు మంచం అంత వెడల్పుకు కుదించుకుపోతుంది. బాగయ్యాక పనిచేద్దామని అతను ఎదురుచూస్తుంటాడు, నిజానికి పని మొదలైతేనే బాగవడం మొదలవుతుంది. అమెరికాలో నీల్ జాకబ్సన్ బృందం 1996లో ప్రచురించిన పరిశోధనలో, కుంగుబాటుకు ఆలోచనలను సరిదిద్దే భాగమంతా తీసేసి ఈ పనుల భాగం ఒక్కటే ఇచ్చినా, పూర్తి చికిత్స ఇచ్చినంత ఫలితమే కనిపించింది. ఏ గంట ఊరటనిచ్చిందో, ఏ గంట బరువైందో ఆ మనిషికే కనబడేలా చేయడం ఆ కాగితం పని.

ఇక్కడ నేను కొంచెం చనువు తీసుకుంటాను. మీరు రాసినదాన్ని రెండుసార్లు చదివాను. మీ అమ్మగారికి మీరు ఏమేం చేసి పెడుతున్నారో వివరంగా ఉంది, ఆమె ఏం చేస్తున్నారో ఎక్కడా లేదు. నలభై ఏళ్లు తెల్లవారకముందే లేచి పేడ తీసి, పాలు పిండి, చేనుకు పోయిన మనిషికి ఇప్పుడు మంచినీళ్లు తెచ్చుకునే పని కూడా లేదు. మీరు ప్రేమతోనే చేశారు, అందులో సందేహం లేదు. కానీ భర్త పోయినప్పుడు ఆమె పోగొట్టుకున్నది ఒకటైతే, ఊరు విడిచి వచ్చినప్పుడు పోగొట్టుకున్నవి చాలా ఉన్నాయి: చేను, బర్రెలు, వాకిట్లో కూర్చునే తోటి ఆడవాళ్లు. దానికి తోడు, భర్త పోయిన స్త్రీని పెళ్లి పందిరికీ బతుకమ్మ దగ్గరికీ పిలవకపోవడం మన దగ్గర ఇంకా ఉంది. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం. ఆ తొమ్మిది రోజులూ ఇంట్లో కూర్చున్న ఆడవాళ్లు ఆ తర్వాతి వారంలో నా దగ్గరికి వచ్చి తలనొప్పి అని చెబుతారు.

సలహా విషయానికి వస్తే, మీ అమ్మగారికి ఈ రెండేళ్లలో సలహాల కొరత ఉండి ఉండదు. ధైర్యంగా ఉండు, మనవరాలిని చూసి మనసు మళ్లించుకో, దేవుడి మీద భారం వెయ్యి అని వచ్చినవారందరూ చెప్పి ఉంటారు. సలహా విన్న మనిషి తల ఊపుతుంది, అక్కడితో ఆమె చెప్పబోయింది ఆగిపోతుంది. కార్ల్ రోజర్స్ 1957లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో, మనిషిలో మార్పు రావడానికి ఎదుటివాడు అతణ్ణి షరతులు లేకుండా అంగీకరించడం, అతని వైపు నుండి అర్థం చేసుకోవడం, తాను నటించకుండా ఉండటం అవసరమని వాదించాడు. ఆ మాటలో ఎంత నిజముందో నాకు గడప దగ్గర తెలిసింది. ముప్పావు గంట అంతా నడుము నొప్పి గురించే చెప్పిన మనిషి, లేచి, చెప్పులు వేసుకుంటూ, తలుపు మీద చెయ్యి పెట్టి అసలు మాట అంటుంది. పుణెకో ముంబైకో పనికి పోయి వచ్చిన మగవాళ్లైతే మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు అప్పు గురించి అక్కడే చెబుతారు. నాలుగో వారంలో వచ్చే ఆ ఒక్క మాట కోసం ముందు మూడు వారాలు తొందరపడకుండా వినాల్సి ఉంటుంది.

చెరువుగట్టుకు వెళ్లడం వల్ల ఈ చికిత్సకు ఏ చెడుపూ లేదు. అమావాస్య రాత్రి అక్కడ నిద్ర చేసే వందలమంది మధ్య మీ అమ్మగారికి తన బాధ వింతది కాదని అనిపిస్తే అది మంచిదే. ఆమెకు ఇష్టముందా అని మాత్రం అడగండి, మీ మేనమామ ఇష్టం చాలదు. గుడి పేరుతోనో దర్గా పేరుతోనో నడుస్తున్న మందులు ఆపించడం, మనిషిని కట్టేసి ఉంచడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టి ఉంచినందువల్ల పారిపోలేక 28 మంది మానసిక రోగులు చనిపోయారు.

మీరు వెళ్తున్న మేడమ్‌కు, క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో మొహమాటపడకుండా అడగండి, అడిగితే మేం తప్పుగా అనుకోం. సైకాలజిస్టులు మందులు రాయరు, రాయకూడదు. అమ్మగారు తిండి పూర్తిగా మానేసినా, బతకాలని లేదన్నా, ఆ రోజే మందులు రాసే మానసిక వైద్యుడి (సైకియాట్రిస్టు) దగ్గరికి తీసుకెళ్లండి. మందులు, మాటలు రెండూ కలిపి నడవవచ్చు.

జవాబు: జడ్చర్ల రోడ్డు

మేడమ్ చెప్పినదానికి నా అనుభవం ఒకటి కలుపుతాను, ఎందుకంటే మాటలతో ఏమవుతుంది అన్న ప్రశ్న నేనూ అడిగినవాడినే. నేను పుణెలో ఒక నిర్మాణ స్థలంలో సూపర్‌వైజరుగా ఉండేవాణ్ణి. సెంట్రింగ్ పనిలో మా ఊరివాడే ఒకడు నా కళ్ల ముందు ఐదో అంతస్తు నుండి పడిపోయాడు. అతను బతికాడు, కానీ నాకు నెల తర్వాత బస్సులో ఉన్నట్టుండి ఊపిరి ఆడకపోవడం, చేతులు తిమ్మిరెక్కడం, చచ్చిపోతున్నానన్న భయం మొదలయ్యాయి. మూడుసార్లు అత్యవసర విభాగానికి పరుగెత్తాను. గుండె బాగుందని పంపించేశారు. ఆ తర్వాత బస్సు ఎక్కడమే మానేసి, మహబూబ్‌నగర్‌లో ఇంట్లో కూర్చున్నాను.

నా చికిత్స పన్నెండు వారాలు సాగింది. మొదటి రెండు వారాల్లో నేను అర్థం చేసుకున్నది ఏమిటంటే, ఆ భయం సాధారణంగా పది నిమిషాల లోపే శిఖరానికి చేరి, మనం ఏమీ చేయకపోయినా దిగిపోతుంది. బస్సు దిగిపోయిన ప్రతిసారీ, దిగినందువల్లే బతికానని నా ఒంటికి నేనే నేర్పుతూ వచ్చాను. ఆ పాఠాన్ని మరిపించడానికి వేరే దారి లేదు, బస్సు దిగకుండా ఉండాల్సిందే. మొదట బస్టాండులో అరగంట ఊరికే కూర్చోమన్నారు. తర్వాత జడ్చర్ల దాకా, కిటికీ పక్కన, తమ్ముణ్ణి తోడు పెట్టుకుని వెళ్లాను. తర్వాత ఒక్కణ్ణే వెళ్లాను. షాద్‌నగర్ దాకా వెళ్లిన రోజు దారిలో బాలానగర్ దగ్గర దడ వచ్చింది. సీటు రాడ్ పట్టుకుని, గడియారం చూస్తూ కూర్చున్నాను, ఎనిమిది నిమిషాలకు తగ్గింది. ఆ ఎనిమిది నిమిషాలు నాకు ఏ మాత్ర ఇచ్చినదానికంటే ఎక్కువ ఇచ్చాయి. కాబట్టి టీచర్ గారూ, ఆ గదిలో మాటలు నడుస్తున్నట్టు కనిపిస్తాయి గానీ, పని ఆ గది బయట జరుగుతుంది. మీ అమ్మగారి కాగితం కూడా అలాంటి పనే అని నాకు అనిపిస్తోంది. నాలుగు వారాలకే ఆపేయకండి.

జవాబు: మునుగోడు, విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకుడు

మేడమ్ మాటల మీద నాకు గౌరవం ఉంది, కానీ ఒక విషయంలో తొందరపడ్డారని అనుకుంటున్నాను. అమ్మ పుట్టిల్లు మర్రిగూడ వైపు అని ప్రశ్నలోనే ఉంది. వయసు 58. అంటే చిన్నతనమంతా ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బావుల, బోర్ల నీళ్లు తాగి పెరిగిన మనిషి కావచ్చు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడని చోట దానికి ఎన్నో రెట్లు ఉన్న నీళ్లను మా ప్రాంతంలో తరాల తరబడి తాగారు. ఆ ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి, నడి వయసు దాటాక మెడ, నడుము బిగుసుకుపోయేలా చేస్తుంది. ఈసీజీలో అది కనబడదు, థైరాయిడ్ పరీక్షలో కనబడదు. నా ఉద్యోగ కాలంలో ఇలాంటి ఆడవాళ్లు "అన్ని పరీక్షలూ బాగున్నాయి, ఇది మనసుకు సంబంధించింది" అనే మాట విని, తమ నొప్పిని ఎవరూ నమ్మడం లేదని కుమిలిపోవడం చూశాను.

అందుకని ముందు పళ్లు చూడండి. పళ్ల మీద గోధుమరంగు చారలు ఉంటే చిన్నతనంలోనే ఫ్లోరైడ్ తాకిందని గుర్తు. మెడ వంచి గడ్డాన్ని ఛాతీకి ఆనించగలదా, నేల మీది నాణేన్ని వంగి తీసుకోగలదా చూసి, ఎముకల డాక్టరుకు చూపించి ఎక్స్‌రే తీయించండి. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పిల్లలకు ఈ బాధ తప్పుతోంది గానీ, పాతతరం ఎముకల్లో చేరింది చేరినట్టే ఉంది. పని చెబితే రంది పోతుందని నడుము బిగిసిన మనిషికి బరువు పనులు చెప్పకండి.

రాత్రి రెండింటికి అమ్మ లేచి కూర్చున్నప్పుడు మీకు దిక్కు తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటుంది.

జవాబు: పాలమూరు సైకాలజిస్టు

పెద్దలు చెప్పింది నిజం, నేను మర్రిగూడ అన్న మాటను చదివి కూడా దాటిపోయాను. నొప్పికి ఎముకలో కారణం ఉన్నా, మనసులో కారణం ఉన్నా, రెండూ కలిసి ఉన్నా, ఆమె నొప్పి నిజమైన నొప్పే. ముందు ఎక్స్‌రే తీయించండి.

అడిగినవారు: నల్లగొండ టీచర్ (నెల రోజుల తర్వాత)

అందరికీ కృతజ్ఞతలు. ఎక్స్‌రేలో వెన్నెముకలో ఫ్లోరోసిస్ మార్పులు కొంతవరకు ఉన్నాయన్నారు. నొప్పికి మందు, కొన్ని వ్యాయామాలు ఇచ్చారు. నీ నొప్పికి కారణం దొరికిందని చెప్పినప్పుడు అమ్మ ముఖం తేటపడటం చూశాను. నిద్ర మాత్రం అలాగే ఉంది. చెరువుగట్టుకు వస్తావా అని అడిగితే, ఎండలు తగ్గినాక పోదాంలే అంది.

మేడమ్ గారు రాసింది చదివి నా భార్యా నేనూ చాలాసేపు మాట్లాడుకున్నాం. కాగితాలన్నీ ముందేసుకుని చూస్తే, నెల మొత్తంలో ఎక్కువ మార్కులు పడిన రోజు, పక్కింటివాళ్లతో కూర్చుని చింతపండు కొట్టి గింజలు తీసిన రోజు. ఆ రోజు పదికి ఏడు. మేం పళ్లెం చేతికి అందించిన గంటలన్నిటికీ రెండో మూడో ఉన్నాయి. ఇది చూసి నేను తొందరపడి, ఊరికి పోదాం, ఒక బర్రెను మళ్లీ కొందాం అన్నాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఏడ్చింది.

నాన్నకు నొప్పి వచ్చిన రోజు పొద్దున, ఆటో వచ్చి వాకిట్లో ఆగి ఉంటే, బర్రెలు అరుస్తున్నాయని వాటికి గడ్డి వేసి వస్తానని అమ్మ కొట్టంలోకి వెళ్లిందట. పది నిమిషాలు. "ఆ పది నిమిషాలు నేను పోకుంటే మీ నాయిన దక్కుతుండె బిడ్డా" అంది. ఈ మాట రెండేళ్లలో నాకు గానీ అక్కకు గానీ తెలియదు. ఇక్కడ మేం వెళ్తున్న మేడమ్‌తో ఐదోసారి వెళ్లినప్పుడు చెప్పిందట, ఆవిడ మాతో అనలేదు. బర్రెలను అమ్ముతుంటే ఎందుకు నోరు మెదపలేదో నాకు ఇప్పుడు అర్థమైంది. నాన్నను చూసిన డాక్టరు గారు అప్పుడే, పెద్ద పోటు, ఊళ్లోనే ఆగిపోయింది, ఎంత తొందరగా తెచ్చినా లాభం ఉండేది కాదు అని నాతో చెప్పారు. ఈ మాట అమ్మకు వెంటనే చెప్పి ఆ బరువు దించేయాలని ఉంది. చెప్పవచ్చా?

జవాబు: పాలమూరు సైకాలజిస్టు

చెప్పండి, కానీ రేపే కాదు. బర్రెల గురించి నేను దూరం నుండి వేసిన అంచనా తప్పింది, దానివల్ల మీ అమ్మగారికి ఒక సాయంత్రం కష్టం కలిగింది, అందుకు నన్ను మన్నించండి.

ఇప్పుడు మీరు డాక్టరు గారి మాటను అడ్డం పెడితే, ఆమె "అట్లనా" అని ఊరుకుంటుంది, మిగిలింది లోపలే ఉండిపోతుంది. ముందు ఆ పొద్దున్ను మొదటినుండి చెప్పమనండి. నాన్న ఎన్నింటికి లేచారు, ఏం అన్నారు, ఆటో ఎవరు పిలిచారు, కొట్టంలో ఎన్ని మోపుల గడ్డి ఉంది, అన్నీ అడగండి. మధ్యలో నీ తప్పేం లేదు అనకండి, అనాలనిపించినా ఆపుకోండి. మీకు కన్నీళ్లు వస్తే రానివ్వండి. ఆమె ఒకసారి కాదు, నాలుగైదు సార్లు అదే చెప్పవచ్చు, చెప్పిన ప్రతిసారీ కొత్త సంగతి ఒకటి కలుస్తుంది. అలా చెబుతూ చెబుతూ ఏదో ఒక రోజు ఆమే, "డాక్టరు ఏమన్నడు కొడుకా?" అని అడుగుతుంది. అప్పుడు నాన్నగారి ఆసుపత్రి కాగితాలు తీసి, ఆమె పక్కన కూర్చుని, డాక్టరు గారు అన్నది అన్నట్టుగా చదివి వినిపించండి. అంతకుముందే ఈ సంగతంతా మీ దగ్గరి మేడమ్‌కు అమ్మగారి అనుమతితో చెప్పి ఉంచండి. కాగితాలు చదివే రోజును ఆవిడతో మాట్లాడుకుని నిర్ణయిస్తే ఇంకా మంచిది.

చింతపండు మాత్రం ఆపనివ్వకండి. నడుముకు ఆనుకునేలా వెనక ఒక దిండు పెట్టండి.